సొరకాయ బుర్రల ఈత

అరవైల్లో మాట. మాది వెంకటాచలం దగ్గర వరి పండించే కుటుంబం. పులికాట్ సరస్సులోని దీవిలో డేరా వేసుకుని, చేపలు పట్టి వండుకు తినాలని నేనే పథకం వేశాను. నాకు నీళ్ళంటే భయం కదా! మునిగినా తేలేలా ఇంట్లో అందరి నడుములకూ ఎండు సొరకాయ బుర్రలు కట్టి మరీ పడవ ఎక్కించాను.

సరస్సు నడిమధ్యలో పడవ ఇసుకమేటకు తగిలి ఒరిగింది. "మునిగిపోతన్నాం, దూకండి!" అని అరిచి, కళ్ళు మూసుకుని ముందు నేనే దూకాను. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే పడవలోంచి మా అమ్మ నింపాదిగా అంది: "అబ్బయ్యా, లేసి నిలబడు. మోకాలి లోతు గూడా లేవు నీళ్ళు."

లేచి నిలబడ్డాను. నా ఈతకు బెదిరి ఆ రోజు ఒక్క చేపా పడలేదు. ఇప్పటికీ సొరకాయ పులుసు వడ్డించినప్పుడల్లా మా ఆవిడ అంటుంది: "లోతు చూసుకొని చెయ్యి పెట్టండి."