చేప నెత్తుటి లెక్క

నా కథ రాస్తానన్నావు కదా మనవరాలా, ముందు ఇది రాయి. నేను రెజిమెంటల్ బజార్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ రక్తమూ నా కళ్ల ముందు అబద్ధం ఆడలేదు. నవ్వకు, నిజమే చెబుతున్నా. చేపల రక్తం సంగతి మాత్రం మీ పిన్ని వల్లే తెలిసింది.

మీ పిన్ని, అంటే నా చిన్న కోడలు, శ్రీకాకుళం వైపు పిల్ల. చేపల జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. చేపకు వైరస్ సోకితే తెల్లకణాలే కాదు, ఎర్రకణాలు కూడా పోరాడతాయని చూపించడమే దాని పని. కొర్రమీనులను తొట్లలో పెంచి, కొన్నింటికి వైరస్ ఎక్కించి, అన్నింటి రక్తమూ తీసి, మనుషుల రక్తం చూసే మిషన్‌లోనే లెక్క చేయించింది. తెల్లకణాలు కుప్పలుగా వచ్చాయి. వాళ్ల గైడ్ పెదవి విరిచాడట. "తెల్లకణాలే ఇన్ని ఉంటే ఎర్రవాటితో పనేముంది? మంగళవారం మీటింగ్‌లోగా తేల్చు, లేదంటే టాపిక్ మార్చుకో" అన్నాడట.

ఆదివారం బోయిగూడ ఇంట్లో నేను రాళ్ల ఉప్పుతో చేపలు తోముతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏందే, మొహం గట్ల ఏలాడేసినవ్?"

"మీరు కూరొండీస్తన్నారు, నా చదువు మాడిపోతంది అత్తయ్యగారూ."

"లెక్క ఎంతొచ్చిందో చెప్పు."

చెప్పింది. చేతిలో చేప జారిపోయింది.

"గంత లెక్క మనిషికొస్తే బ్లడ్ క్యాన్సరేమోనని డాక్టర్ కాడికి ఉరికిస్తుంటిమి! వైరస్ ఎక్కియ్యని చేపలకెంత?"

"వాటికీ ఇంచుమించు అంతేనండీ."

"మంచిగున్నవాటికి సుత గంతేనా? అయితే జబ్బు చేపలకు కాదే పిల్లా, లెక్కకు!"

ఆ మిషన్ గుణం నాకు బాగా తెలుసు. ఒక మందు పోసి ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ తర్వాత న్యూక్లియస్‌తో ఏది మిగిలినా తెల్లకణమనే లెక్కేస్తుంది. మనుషులకు అది సరిపోతుంది. మన ఎర్రకణం రక్తంలోకి వచ్చేలోపే న్యూక్లియస్‌ను వదిలేస్తుంది కదా. ఇది చెప్పగానే మీ పిన్ని తల పట్టుకుంది.

"అయ్యబాబోయ్! చేప ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉంటాదండీ! అదుండబట్టే కదా నా పనంతా!"

"గది నాకెవ్వరు చెప్పిండ్రు?"

"మిషన్ ఇలా లెక్కేస్తాదని నాకెవరు చెప్పారండీ?"

ఒకే ఇంట్లో ఉంటూ పులుసులో చింతపండు ఎంతని కొట్లాడుకున్నాం గానీ, ఈ ముక్క ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అక్కడే కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది. న్యూక్లియస్ ఉన్న కణం వైరస్ వచ్చిందని పసిగట్టి కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోగలదట, పక్క కణాలకూ కబురు పెట్టగలదట. నాకు అర్థమైంది. రిటైరైన సైనికులుండే మన సైనిక్‌పురిలో పొద్దున్నే పాల ప్యాకెట్లు పట్టుకుని నడిచే పెద్దాయన పాత సిపాయి అయినట్టు. చేప ఎర్రకణం ఆక్సిజన్ మోసేదే, కానీ శత్రువును గుర్తుపట్టడమూ తెలుసు.

సోమవారం చేపల రక్తంతో సహా మీ పిన్నిని నా పాత ల్యాబ్‌కు తీసుకెళ్లాను. చుక్క చుక్కగా గాజుపలకల మీద రక్తం పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఎర్రకణాలన్నీ కోలగా, ప్రతిదాని నడుమ ఊదా చుక్క! మిషన్ లెక్కపెట్టింది ఆ చుక్కలనే. తెల్లకణాలు ఎక్కడో ఒకటి. ఏ పలక జబ్బు చేపదో నాకు చెప్పొద్దని, అన్నీ నేనే లెక్కపెట్టాను. తెలిస్తే కన్ను తను కోరుకున్నదే చూస్తుంది.

మంగళవారం మీటింగ్‌లో గైడ్ అడిగాడట, ఈ లెక్క ఎవరు చేశారని.

"మా అత్తగారండీ."

"ఆమెకు చేపల గురించి ఏం తెలుసు?"

"కూరొండడం తెలుసండీ. అందుకే ఏది జబ్బుదో చెప్పకుండా లెక్కపెట్టించానండీ."

అక్కడున్నవాళ్లంతా నవ్వారట. ఆయన మాత్రం నవ్వకుండా లేచి వెళ్లి పలకలు ఒక్కొక్కటీ తనే చూసుకున్నాడట.

మీ పిన్ని ఫోన్ చేసేసరికి నేను అన్నం వారుస్తున్నాను.

"అత్తయ్యగారూ, టాపిక్ ఉంచీసారండీ! ఎర్రకణాలొక్కటే విడదీసి, వైరస్ కలిపి, అవి ఏటి చేస్తాయో చూపించమన్నారు."

"చూపియ్యి మరి. లెక్క నేను తప్పనియ్య."