కూతురి బండి వెనక సీటు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయి కిందటి వేసవిలో మోటార్‌సైకిల్ కొనుక్కుంది. మొదటిసారి నన్ను ఎక్కించుకున్నప్పుడు, హైదరాబాద్‌లో స్నేహితుల స్కూటర్లెక్కిన అలవాటుకొద్దీ చెప్పకుండానే కాలు వేశాను. బండి పక్కకు ఒరిగింది. తను రెండు కాళ్లూ గట్టిగా ఆనించి ఆపింది.

“నాన్నా, నేను రెడీ అనేదాకా ఎక్కకు. ముందు నా షోల్డర్ పట్టుకో,” అంది.

ఈసారి తను చెప్పినట్టే ఎక్కాను. దగ్గర్లో ఉన్న లేక్ దాకా వెళ్లాం. అక్కడ బండి ఆపి, “ఇప్పుడు దిగు నాన్నా,” అంది. దిగబోతే మోకాలు పట్టేసింది. సిగ్గుపడుతూనే చెప్పాను.

“పర్లేదు, టైమ్ తీసుకో. బండి నేను పట్టుకునే ఉన్నాను.”

అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నొప్పి తగ్గాక కూడా ఇంకాసేపు అలాగే ఉన్నాను.