మా ఇంట్లో ఏమేముండెనో రాసిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, బాపూ నేనూ. అమ్మ నాకు నాలుగేళ్లప్పుడే పోయింది. పోచంపల్లికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో మాది గడ్డి కప్పిన ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో పొయ్యి, ఒక రేకుపెట్టె, గంపల్లో నూలు. బాపు మాటలు తక్కువ మనిషి. పొద్దంతా మగ్గం మీదే ఉండి, నేను బడి నుంచి రాగానే ఒక్కసారి తల ఎత్తి చూసేవాడు. ఆ చూపు చాలు, ఇంటికి చేరినట్టుండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా వరసలో ఎవరి పొయ్యిలోంచో రవ్వ లేచి కప్పుకు అంటుకుంది. గాలి మావైపే వీచింది. బాపు నేసిన చీరలు ఇచ్చి రావడానికి పొరుగూరు పోయి ఉన్నాడు. నేను బడి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి మాదీ కలిపి నాలుగు ఇళ్లు బూడిదయ్యాయి. మనుషులకెవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం బాపు వచ్చి, మగ్గం ఉండే చోట గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఏడవలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మగ్గం పోయిన నేతగాడికి ఊళ్లో ఏం పని? వేరే ఊళ్లో ఒకాయన మగ్గం మీద కూలికి నేయడానికి బాపు ఒప్పుకున్నాడు. పడక కూడా అక్కడే, మగ్గాల కొట్టంలో. ఆడపిల్లను అక్కడ పెట్టుకోలేక, నన్ను పాలమూరులో మేనత్త ఇంట్లో దించాడు.

"జర ఓపిక పట్టు బిడ్డా. మగ్గం పెట్టినంక వచ్చి తోల్కపోత" అన్నాడు.

బస్సు దుమ్ములో కలిసిపోయేదాకా నేను చెయ్యి ఊపలేదు. ఊపితే నిజంగానే పోతాడనిపించింది.

అత్తమ్మ మంచిదే. మామ ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టేవాడు. తిండికి లోటు లేదు. కానీ ఆ ఇంట్లో ఏదీ నాది కాదు. మంచినీళ్ల గ్లాసు తీసుకోవాలన్నా అడిగేదాన్ని. పొద్దంతా మిషన్ల చప్పుడు. అది మగ్గం చప్పుడు కాదని నా చెవులకు తెలుస్తూనే ఉండేది. మెల్లగా మాట్లాడటమే మానేశాను.

పక్కింట్లో ఒక అక్క కిరాయికి ఉండేది. ఆడపిల్లల బడిలో టీచరు. ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం, పెన్సిలు తీసింది.

"మీ ఇంట్ల ఏమేముండె? చెప్పు, నేను రాస్త."

"ఏం లేకుండె" అన్నాను.

"వాకిలి కాడ్నించి మొదలువెట్టు."

మంచినీళ్ల కుండ అన్నాను. దాని మీది సత్తు మూత. మగ్గం, రాట్నం, రంగులు కలిపే కుండలు. రెండు కంచాలు. గొంగడి. అంచు చిరిగిన నా లెక్కల పుస్తకం. చెప్తున్నకొద్దీ గుర్తొస్తూనే ఉన్నాయి. ఏమీ లేదనుకున్న ఇల్లు రెండు కాగితాలు నిండింది. రేకుపెట్టెలో అమ్మ చీరలు రెండు అని చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. ఇల్లు కాలాక ఏడవడం అదే మొదలు. అక్క పెన్సిలు కింద పెట్టి, నేను ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చుంది.

తర్వాత బీమా అంటే ఏమిటో చెప్పింది. ఇల్లూ సామానూ బాగున్నప్పుడే ఇట్లా రాసి కంపెనీకి ఇవ్వాలట. ఏటా కొంత కట్టాలట. నిప్పంటుకుంటే వాళ్లు వచ్చి చూసి, పోయినవాటికి పరిహారం ఇస్తారట.

"అమ్మ చీరలు గూడ ఇస్తరా?"

"అవి ఎవ్వరియ్యలేరు బిడ్డా. బీమా ఉండుంటే మగ్గానికిస్తుండిరి, ఇంటికిస్తుండిరి. గప్పుడు మీ బాపు ఊరిడిసి పోకపోతుండె. నువ్వు ఆయన కాడ్నే ఉంటుంటివి."

నాకు కోపమొచ్చింది. "మా బాపుకు తెల్వదు" అన్నాను.

"తెల్వకపోవుడు తప్పు గాదు. నాకు గూడ మా నాయిన దుకాణం కాలినంకనే తెలిసింది" అంది అక్క.

ఆ సాయంత్రమే మామతో మాట్లాడింది. మామ నవ్వాడు. "ఇల్లు కాలుతదని ముందే అనుకునుడు అపశకునం గాదా టీచరమ్మా?" అక్క వాదించలేదు. నన్ను పిలిచి, ఆ కాగితాలు చేతిలో పెట్టి చదవమంది. నేను చదివాను. చివరిదాకా చదవలేకపోయాను. మామ మిషన్ తొక్కడం ఆపేశాడు. నెల తిరక్కముందే ఇంటికీ మిషన్లకూ బీమా చేయించాడు. ఆ ఇంటికి ఎన్నడూ ఏమీ కాలేదు. కట్టాల్సి వచ్చిన ప్రతి ఏడూ సణిగాడు, కానీ ఏ ఏడూ మానలేదు.

బాపుకు మళ్లీ మగ్గం పెట్టుకోవడానికి మూడేళ్లు పట్టింది. చెప్పినట్టే వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఈసారి పెంకుటిల్లు, కిరాయిది. మగ్గానికీ సామానుకూ బీమా చేయించడానికి ఇద్దరం పట్నం పోయాం. జాబితా నేనే రాశాను. బాపు ఒక్కో వస్తువు పేరూ మెల్లగా చెప్పాడు.

కానీ ఆ మూడేళ్లు మా మధ్య అట్లాగే ఉండిపోయాయి. అన్నం వడ్డిస్తూ బాపు, "ఇంక జర పెట్టాల్నా?" అని చుట్టాన్ని అడిగినట్టు అడిగేవాడు. నేను కూడా చుట్టంలాగే చాలనేదాన్ని. ఆ మొహమాటం పోవడానికి చాలా కాలం పట్టింది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా వాడకు ఎవరు కొత్తగా వచ్చినా ఇంటికి బీమా ఉందా అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు "కిరాయి ఇల్లే గదా, మాకేమున్నయ్?" అంటారు. కిరాయి ఇంట్లో ఉన్నా సామాను మీ సొంతమే కదా అంటాను. ముసలామె చాదస్తమనుకున్నా ఫికర్ లేదు. ఇల్లు కాలినా తండ్రీ కూతురూ ఒక్క చూరు కిందే ఉండొచ్చన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్లకు ముందే తెలియాలని అడుగుతుంటాను.