చేయించని అర్చన

రోజూ దీపం పెట్టి, దేవుడు నాకిచ్చినవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను. ఏళ్లుగా ఒక్కచోట మాత్రం గొంతు ఆగిపోతోంది. ఎందుకు ఆగిపోతోందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే పక్కన కూర్చోబెట్టుకుని, పైకి చదివిస్తూ చదువు నేర్పారు. అలా చదివి చదివి తయారైన గొంతే నాకు పని ఇచ్చింది. ఫిలింనగర్‌లో ఒక చిన్న స్టూడియోలో కూర్చుని, ఎక్కడో దూరాన ఉన్న చిన్న ఊరి ఎఫ్ఎం స్టేషన్‌కి పొద్దుటి భక్తి కార్యక్రమం చెప్పేదాన్ని. వారానికి సరిపడా ఒకే రోజు రికార్డు చేసి పంపేవాళ్లం. ఆ ఊరు నేనెన్నడూ చూడలేదు. అయినా, ఇప్పుడే మన గుడి నుంచి వస్తున్నాను, గాలి చల్లగా ఉంది, అని చదివేదాన్ని. కార్యక్రమం కోసం స్టూడియోవాళ్లు నాకిచ్చిన ఫోనుకి వినేవాళ్లు పేరూ గోత్రమూ పంపితే, మీ పేరు మీద అర్చన చేయిస్తున్నాం అని చెప్పేదాన్ని. ఎవరూ చేయించేవారు కాదు. పేరు చదివితే అర్చన అయినట్టే అనేవారు స్టూడియోలో. నేను నమ్మానా? నమ్మితే హాయిగా ఉంటుందని ఊరుకున్నానా?

ఆ ఊళ్లో లక్ష్మమ్మ అనే పెద్దావిడ తరచూ ఫోన్ చేసేది. నీ మాట ఆంధ్ర తీరుంటది గానీ మంచిగ చెప్తవ్ అని ఆటపట్టించేది. ఒకరోజు ఆవిడ గొంతు మారిపోయింది. భర్తకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందట.

"పట్నం తెచ్చినం బిడ్డా, ఎర్రగడ్డ దవాఖానల ఉన్నం. రేపు ఆపరేషన్. నేను మన గుడికి పోలేను. నువ్వు ఊళ్లనే ఉన్నవ్ గదా, జర నా బదులు పోయి ఆయన పేరు మీద అర్చన చేపియ్యి."

"తప్పకుండా చేయిస్తానమ్మా."

ఎర్రగడ్డ. ఆటో ఎక్కితే ఎంతసేపు? నేనూ ఇక్కడే ఉన్నానమ్మా, వస్తున్నాను అనొచ్చు. అంటే, అన్నాళ్లూ నేను చెప్పిన గుడీ గాలీ అన్నీ అబద్ధమని తేలిపోతుంది. ఆ సాయంత్రం కృష్ణానగర్ సందు చివర గుడి ముందు చెప్పులు విడిచాను. ఇక్కడ చేయిస్తే, అక్కడ చేయించలేదని ఒప్పుకున్నట్టే అనిపించింది. మళ్లీ చెప్పులు వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"చేపిచ్చినవా?"

"చేయించానమ్మా."

"ఇగ నాకు ఫికర్ లేదు."

ఆయన కోలుకున్నాడు. ఊరికి తిరిగి వెళ్లాక లక్ష్మమ్మ జాకెట్ ముక్కా గాజులూ పట్టుకుని నన్ను చూడ్డానికి స్టేషన్‌కి వెళ్లిందట. నేను సెలవులో ఉన్నానని వాచ్‌మన్ చెప్పాడు. స్టేషన్‌వాళ్లే అతన్ని అలా చెప్పమన్నారు. ఆవిడ ఇచ్చినవి పార్సిల్లో నాకు చేరాయి. నువ్వే నిలబెట్టినవ్ ఆయన్ని అంది ఫోన్లో. అంతా దేవుడి దయ అన్నాను. నిజమైన మాటే. దాన్ని అబద్ధం మీద మూతలా పెట్టాను.

కొన్నాళ్లకి ఆ పని మానేశాను. ఆ ఫోను స్టూడియోలోనే ఉండిపోయింది. ఆవిడ ఇప్పుడు ఉందో లేదో తెలియదు. గాజులు పూజగదిలోనే ఉన్నాయి, వేసుకోలేదు. ఒకరి దగ్గర దండుకున్న కృతజ్ఞతకి దేవుడికి ఎలా దణ్ణం పెట్టను?

లక్ష్మమ్మగారూ, అర్చన చేయించలేదు. నేను మీ ఊళ్లో లేను. ఎప్పుడూ లేను. ఆ రోజు మీకు ఆటో దూరంలో కూర్చుని ఉన్నాను.

ఇది రాశాక, నాన్నగారు నేర్పినట్టు పైకి చదువుకున్నాను. గొంతు ఆగలేదు.