మసి కోసం ఏకిన దూది

ఆ వీధిలో అందరికీ ఆమె దూదత్త. పరుపులు కుట్టడం ఆమె పని. దూది ఏకే యంత్రం తిప్పగానే పింజలు లేచి, కిటికీలోంచి పడే ఎండలో తోచిన దారిన ఈదుతూ పోయేవి. లోపల కూర్చుంటే నీటి అడుగున కూర్చున్నట్టుండేది. బయటి హారన్లు, తగువులు ఇంకేదో ఊళ్లోవి అనిపించేవి. ఆమె జుట్టు ఎప్పుడు తెల్లబడిందో ఆమెకే తెలియదు. మొదట్లో దూది అనుకుని దులుపుకునేది. ఒకనాడు ఎంత దులిపినా పోలేదు. సరేలే అనుకుని దబ్బనంలో దారం ఎక్కించుకుంది.

మొగుడు పోయాక ఆ కొట్టు ఆమెకు మిగిలింది. ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టు మరిదిది. ఇద్దరికీ మధ్య వీధి, వీధి నిండా ఎవరివీ కాని పిల్లులు. వాటిలో మసి అనే బూడిదరంగు ఆడపిల్లి ప్రతిసారీ దూదత్త దూదిలోకే వచ్చి పిల్లల్ని పెట్టేది. పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త సన్నబడేది. కిందటిసారి ఒక్క కూనా బతకలేదు. చేతికి చిక్కే రకం కాదు గనుక దాని వెన్నెముక చేతికి తగిలేది కాదు, కంటికే తగిలేది.

పశువుల డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పేసింది. "ఇంకో కాన్పు తట్టుకోదమ్మా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ మీ వీధిలోనే వదిలేద్దాం. గుర్తుకి చెవి కొస కాస్త కత్తిరిస్తాను, అంతే."

మరిదికి అది నచ్చలేదు. "ఇదంతా దేనికి వదినా? గోనెలో కట్టి ఊరవతల వదిలేసే మనిషిని మాట్లాడాం. తెల్లార్లూ ఏడుపులు, ఎవరి పీకో నొక్కుతున్నట్టు!"

"ఇవి పోతే ఖాళీ చోటు చూసుకుని ఇంకో గుంపు దిగుతుంది. వాటికి మాత్రం నోళ్లుండవా? అయినా నీ గురకకి నిద్రపట్టక ఏడుస్తున్నాయేమో, ఎవరికి తెలుసు?"

చివరికి వీధంతా కలిసి ఒప్పుకుంది. మిగతా పిల్లులన్నీ ఒక్కొక్కటిగా బోనులో పడ్డాయి, చెవులు కత్తిరించుకుని తిరిగొచ్చాయి. మసి ఒక్కటే మిగిలింది. ఈసారి డాక్టరమ్మ బండి వచ్చేసరికి అదీ పడాలి, పడకపోతే గోనె మనిషికి అప్పగించాలి. అదీ మాట. ఆకలి మీదుంటేనే బోనులోకి వస్తుంది కాబట్టి ముందురోజు ఎవరూ ఏమీ పెట్టొద్దని దూదత్త గడపగడపకీ తిరిగి చెప్పింది. "ఛీ, పిల్లులకి మేమెందుకు పెడతాం!" అన్నారందరూ. ఆ సాయంత్రం దూదత్త కూడా అన్నం ముట్టలేదు. అది పస్తుంటే తను తినడం ఏం న్యాయం అనిపించింది.

పొద్దున్నే బోనులో చేప ముక్క పెట్టి కూర్చుంది. మసి వచ్చింది. చేపను వాసన చూసింది. బోను పక్కనే చతికిలబడి ఆవులించింది. పొట్ట డోలులా ఉంది. మీసానికి పాలమీగడ!

"ఎవరు పెట్టారు?" దూదత్త అరుపుకి తలుపులు తెరుచుకున్నాయి.

పక్కింటి టైలరమ్మ గొణిగింది. "పాపం, ఆపరేషన్ కదా అని... ఒక్క గుడ్డే అత్తా."

"మరి ఆ మీగడ?"

మేడ మీది మాస్టారు దగ్గారు. దూదత్త మరిది వైపు తిరిగింది. "నువ్వు?"

"చేప. చిన్నదే వదినా. తల నేనే తిన్నాను."

"గోనె మనిషిని పిలవమన్నది నువ్వేగా?"

"అందుకే మరి. వెళ్లిపోయేదైతే కడుపునిండా తిని పోతుందని."

ఆకలితో ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. బండి వచ్చే వేళవుతోంది. నిండు పొట్టకి ఇంకేం కావాలి? అలా మసిని చూస్తూ ఉంటే, దాని కళ్లు మూతపడబోయి తెరుచుకుంటున్నాయి. అప్పుడు తట్టింది. లోపలికి వెళ్లి యంత్రం తిప్పింది. అప్పటికప్పుడు ఏకిన దూదిని బోనులో మెత్తగా పరిచి, పైన ముదురురంగు పరుపు గుడ్డ కప్పి, బోను నోరు మాత్రం తెరిచి ఉంచింది. అందరినీ లోపలికి తరిమింది.

వీధి మాట్లాడటం మానేసింది. ఆమె వేళ్ల నుంచి పింజలు విడివడి, ఏ తొందరా లేకుండా గడప దాటి పోతున్నాయి. తను మేలుకునే ఉందో, కునికిందో ఆమెకే తెలియలేదు. వీధి మొత్తం ఒక పెద్ద పరుపు అయినట్టు, దాని మీద ఎవరో అడుగులో అడుగేస్తూ వెళ్తున్నట్టు ఉంది. మసి బోనులోకి తల పెట్టింది. ముందుకాళ్లతో దూదిని నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది, తనూ పరుపులు కుట్టే మనిషే అన్నట్టు. ఇంకో అడుగు. తలుపు పడింది. గుడ్డ కింద బోను ఒక్కసారి అదిరి, చీకట్లో మెల్లగా సద్దుమణిగింది. దూదత్తకు ఎందుకో ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ గుడ్డ అంచు ఎత్తి చూసి నవ్వింది. "ఇంత తిన్నదానికి ఇవాళ మత్తివ్వను. నా దగ్గరే ఉంచి రేపు చేస్తాను. అక్కడికి మీ వీధివాళ్లు రారు కదా?"

తిరిగొచ్చిన మసి బోను తెరవగానే గోడెక్కి మాయమైంది. ఆ తర్వాత వీధి చివర్లో, టైలరమ్మ మెట్ల మీద, మాస్టారి కిటికీలో కనబడేది. దూదత్త కొట్టు వైపు మాత్రం చూసేది కాదు. దూది గుట్ట మీద అది ఎప్పుడో పడుకున్న గుంట ఒకటి ఉండిపోయింది. ఆమె దాన్ని సర్దలేదు.

"నిన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది వదినా," అన్నాడు మరిది.

"తిప్పుకోనీ." దూదత్త దబ్బనం ఆపి, ఎండలో వెనక్కి తిరిగి కూర్చున్న మసిని చాలాసేపు చూసింది. వెన్నెముక కనబడటం లేదు. "ఎలా ఒళ్లు చేసిందో చూడు, దొంగముండ."