లక్ష్మక్క తనను తాను తిట్టుకున్న లెక్క

రాజంపేట తట్టు నేతగాళ్ల వీధిలో కాపురముండే లక్ష్మక్క బడి గడప తొక్కలేదు. తొక్కినవాళ్లు వెలగబెట్టింది మాత్రం ఏముంది? ఆమెకు గురువూ బెత్తమూ రెండూ తన నోరే. లెక్క ఎదురైతే ముందు ఒక జవాబు చెప్పుకుంటుంది. వెంటనే "ఓసి తిక్కదానా, నిజంగానా?" అని తన్ను తానే తిట్టుకుని, అదే లెక్కను చిన్నది చేసి చింతగింజలతో వేసి చూస్తుంది. తప్పితే ఇంకో నాలుగు తిట్లు. పక్కింటివాళ్లు ఆమెకు గాలి సోకిందనుకునేవారు.

యుద్ధకాలంలో నూలు దొరకడమే గగనమైంది. కూతురు మహాదేవమ్మ పెళ్లిచీరకని మొగుడు బొజ్జన్న తంటాలు పడి ఒక్క చీరకు సరిపడా నాసి నూలు కూడబెట్టాడు. తెల్లచీరలో నిలువునా ఇరవైయొక్క ఎర్ర చారలు. రెండు అంచుల్లోనూ ఎరుపే ఉండాలి, పెళ్లికూతురికి తెల్ల అంచు పనికిరాదు. ఉన్న తెల్లపోగులు ఎనిమిది వందల నలభై. చారకూ చారకూ నడుమ ఎన్ని వేయాలి? పుట్టి బుద్ధెరిగి తెల్లగుడ్డ తప్ప నేయని బొజ్జన్న నోరు వెళ్లబెట్టాడు.

"నలభై," అంది లక్ష్మక్క.

ఆడదాని లెక్క నమ్మితే మగతనం ఏం కావాలి? బొజ్జన్న బడి అయ్యవారు శివన్న దగ్గరికి పరుగెత్తాడు. శివన్న పలక మీద భాగించి, "నలభయ్యే. నీ పెండ్లాం శానా గట్టిదప్పా!" అన్నాడు. బొజ్జన్న ఛాతీ ఉబ్బింది. ఇంటికొచ్చి, "ఇంగ మన ఇంట్లో పడుగు లెక్క నీదే," అన్నాడు. ఆ మాట కోసం లక్ష్మక్క ఇరవై ఏళ్లు ఎదురుచూసింది. కళ్లు తుడుచుకుంది.

మరునాడు పడుగు, అంటే చీర నిలువు పోగులు, వేయడం మొదలైంది. అయ్యవారూ వచ్చి కూర్చున్నాడు. మూడో చార పడుతుండగా, సంబరంలో చింతగింజలు వేసి చూడనేలేదని ఆమెకు గుర్తొచ్చింది. ఐదు గింజలు వరుసగా పెట్టింది. నడుమ సందులు నాలుగే. పడుగంతా వేశాక విప్పితే ఆ నూలు పోగుపోగూ తెగుతుంది. ఇప్పుడే చెబితే నిన్న దక్కిన మాట పోతుంది.

"ఆపయ్యా! తప్పు జేసినా, ముదనష్టపుదాన్ని! చారలు ఇరవైయొకటైతే సందులు ఇరవయ్యే. నలభై రెండేసి పడాల. నలభై ఏస్తే చివర్న తెల్లంచు పడతాది."

"అయివారు సరే అన్న్యాడు గదే!"

"ఆయప్పా నా మాదిరే తప్పినాడు."

శివన్న తన వేళ్లనూ వాటి సందులనూ రెండుసార్లు లెక్కపెట్టుకుని, చెయ్యి కండువా కింద దాచేశాడు.

బొజ్జన్నకు ఒళ్లు మండింది. "ఇన్నేండ్లకు ఒక్కసారి నిన్ను మెచ్చుకుంటి. అదీ నిలబెట్టుకోకపోతివే!"

"మెప్పు చుట్టుకొని పీటల మీద కూచ్చుంటాదా నీ బిడ్డ?"

బొజ్జన్న వేసిందంతా మెల్లగా విప్పి, నూలు కొస చేత పట్టుకుని కూర్చున్నాడు.

"నలభై రెండు గదా," అన్నాడు. "నువ్వే లెక్కబెట్టు."