మార్సెలె పుట్టగొడుగుల చోటు

లిథువేనియా అడవి అంచున ఉన్న మా ఊళ్లో సెప్టెంబరు వచ్చిందంటే మార్సెలె ఎవరినీ నమ్మదు. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లవారగానే ఆకుపచ్చ తలగుడ్డ బిగించి, పెద్ద బుట్ట, చిన్న చాకు పట్టుకుని ఒక్కతే బయల్దేరుతుంది. తన పుట్టగొడుగుల చోటు ఎవరికీ తెలియకూడదని, తూర్పు అడవికి పోవాలంటే పడమటి బాట పట్టి, పొదల చాటున వెనక్కి తిరుగుతుంది. మంచినీళ్లు పట్టుకెళ్లమంటే, బుట్టలో చోటు పుట్టగొడుగులకే చాలదంటుంది. మొన్న ఊబిలో దిగబడి ఒక బూటు పోగొట్టుకుంది, దారి కూడా తప్పింది. కూలిన పైన్ చెట్టొకటి మూడోసారి ఎదురయ్యాక అటవీ గార్డు డొనాటస్‌కి ఫోన్ చేసింది. పుట్టగొడుగుల వేటలో ఆవిడకి అసలు పోటీ అతని తల్లే.

"ఎక్కడున్నావత్తా?"

"అడవిలో."

"అడవిలో ఎక్కడ?"

"మీ అమ్మ పక్కనుందా?"

"ఉంది."

"అయితే చెప్పను."

"చలికి కొయ్యబారిపోతావత్తా!" అని అతను అరుస్తుండగానే ఫోన్ చచ్చిపోయింది.

సాయంత్రందాకా అతను పిలుస్తూ తిరిగాడు. పిలుపులకి పలకలేదు గాని, ఆ కూలిన చెట్టు చాటున ఆవిడ తుమ్ము ఆపుకోలేక దొరికిపోయింది. పెదాలు నీలంగా మారాయి, ఒళ్లంతా వణుకుతోంది. అయినా తలగుడ్డ విప్పి అతని కళ్లకి గంతలు కట్టాకే వీపెక్కింది. "కుడికి... ఆగాగు, ఎడమకిరా నాయనా!" అని పైనుంచి ఆవిడ దారి చెబుతుంటే, అతను నవ్వాపుకోలేక చెట్ల వేళ్లు కాళ్లకి తగిలి తూలుతూ నడిచాడు. అరగంటకి గంతలు లాగేసి చూస్తే ఎదురుగా అదే కూలిన చెట్టు.

"అత్తా, నీకు దారి తెలీదా?"

"నాకే తెలీనిది ఇక మీ అమ్మకేం దొరుకుతుందిరా!" అంది మార్సెలె, పళ్లు టకటకలాడుతున్నా సంబరంగా.